అది మనకెలా తెలిసింది? – చరిత్ర పాడ్‌కాస్టుల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఇదే శీర్షికలో, లావుపాటి చరిత్ర పుస్తకాలు చదివే తీరిక లేనివాళ్ళు చరిత్రకారులే మాట్లాడే పాడ్‌కాస్టులు వినొచ్చని నాలుగు ముక్కలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు, ఇన్ని వాట్సాప్ మెసేజీలు వస్తాయనుకోలేదు. అన్నిటికీ జవాబు రాయాలంటే ఈ పేజీలు చాలవు, అందుకని ఎక్కువమంది అడిగినవి, నన్ను ఆలోచనలో పడేసినవి కొన్ని తీసుకున్నాను. పేర్లు వెయ్యొద్దని కొందరు కోరారు, కాబట్టి అందరివీ ఊళ్ళ పేర్లే వేస్తున్నాను.

ప్రశ్న: నాకు అరవై ఎనిమిదేళ్ళు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక అరగంట చదివితే కళ్ళు లాగుతున్నాయి. పాడ్‌కాస్ట్ అంటే రేడియోనేనా? డబ్బు కట్టాలా? ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గానీ తెల్లవాళ్ళు గబగబా మాట్లాడితే సగం జారిపోతుంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు? – తెనాలి

జవాబు: రేడియోనేనండీ, కాకపోతే దాని టైముకి మనం కూర్చోనక్కర్లేదు, మన టైముకి అది మాట్లాడుతుంది. ఆదివారం మధ్యాహ్నం విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ గారి గొంతు వస్తుంటే వీధి వీధంతా ఒకే రేడియో పెట్టినట్టు ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు తప్పిపోతే ఇక అంతే. ఇప్పుడు ఆ బాధ లేదు, వంద ఎపిసోడ్లూ ఫోన్లో పడుంటాయి, మధ్యలో పాలవాడు వచ్చినా ఆపి మళ్ళీ అక్కణ్ణుంచే వినొచ్చు. ‘పాడ్‌కాస్ట్’ అన్న మాట పుట్టింది 2004లో, ఐపాడ్‌నీ బ్రాడ్‌కాస్టింగ్‌నీ కలిపి ఒక బ్రిటిష్ పత్రికా రచయిత వాడాడు. ఐపాడ్లు పోయాయి, మాట మిగిలింది.

డబ్బు సంగతి: చాలావరకు ఉచితమే. మధ్యలో ప్రకటనలు వస్తాయి. కొన్నిటికి నెల చందా కడితే ప్రకటనలు లేకుండా, అదనపు ఎపిసోడ్లతో ఇస్తారు, కానీ కట్టకపోయినా మీకు ఏళ్ళకి సరిపడా ఉంటుంది. ఇంట్లో వైఫై ఉన్నప్పుడు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. పావుగంట ఎపిసోడ్ సుమారు 15 ఎంబీ, గంటది 60 ఎంబీ లోపు, అంతే.

మొదలుపెట్టడానికి నేనైతే ‘ఎ హిస్టరీ ఆఫ్ ది వరల్డ్ ఇన్ 100 ఆబ్జెక్ట్స్’ చెబుతాను. 2010లో బీబీసీ రేడియో కోసం చేశారు. మాట్లాడేది అప్పటి బ్రిటిష్ మ్యూజియం డైరెక్టర్ నీల్ మెక్‌గ్రెగర్. ఒక్కో ఎపిసోడ్‌కి ఒక్క వస్తువు, పావుగంట. ఈజిప్టు పూజారి మమ్మీతో మొదలై, సౌర దీపంతో ముగుస్తుంది. రెండోది ఆఫ్రికాలో ఓల్డువాయ్ లోయలో దొరికిన రాతి పనిముట్టు. ఆ మొరటు రాయి అంచు ఎలా చెక్కారో, అది చేతిలో ఎలా ఇముడుతుందో ఆయన చెబుతుంటే, రోలు దగ్గర కూర్చుని పొత్రం చేత్తో పట్టుకున్నవాళ్ళకి ఆ బరువు అరచేతిలో తెలుస్తుంది. బొమ్మ కనపడకపోవడమే దాని గొప్ప, ఎందుకంటే కళ్ళతో చూడాల్సిందంతా ఆయన మాటల్లో చెప్పి తీరాలి. ఆ వందలో సింధు నాగరికత ముద్ర ఉంది, అశోకుడి స్తంభం ముక్క ఉంది, గుప్తుల బంగారు నాణెం ఉంది. ఆయన మాట కూడా నింపాదిగా ఉంటుంది. అయినా జారిపోతుంటే యాప్‌లో వేగం 0.8కి తగ్గించండి, గొంతు మారదు, మాటలు విడివిడిగా వస్తాయి.

అది అయ్యాక సునీల్ ఖిల్నానీ ‘ఇన్‌కార్నేషన్స్’ వినండి. ఇదీ బీబీసీదే, యాభైమంది భారతీయుల జీవితాలు, బుద్ధుడి నుంచి ధీరూభాయ్ అంబానీ దాకా. మనకి దగ్గరవాళ్ళు అందులో ఉన్నారు: కృష్ణదేవరాయలు, మాలిక్ అంబర్, హైదరాబాద్‌లో ఆరో నిజాం కొలువులో ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్. ఆయన స్టూడియోలో కూర్చుని చదివేసే రకం కాదు, ఆ మనుషులు తిరిగిన చోట్లకి వెళ్ళి మాట్లాడతాడు, వెనక వీధి చప్పుడు, గుడి గంటలు వినపడుతుంటాయి.

ప్రశ్న: గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. పుస్తకాలు పక్కన పెట్టి పాడ్‌కాస్టులు వింటే హిస్టరీ కవర్ అవుతుందా సార్? – సిద్దిపేట

జవాబు: అవదమ్మా. పరీక్షకి సిలబస్ ఉంటుంది, పాడ్‌కాస్టుకి ఉండదు. వంశాల వరస, సంవత్సరాలు, బిరుదులు, శాసనాల పేర్లు కాగితం మీద పెన్నుతో రాసుకుంటేనే నిలుస్తాయి. చదివి చదివి బుర్ర వేడెక్కినప్పుడు సాయంత్రం నడకలో ఒకటి విను, చదివిన పేర్లకి మొహాలు వస్తాయి. అంతకుమించి ఇప్పుడు దాని మీద ఆశలు పెట్టుకోకు. పరీక్ష అయ్యాక తీరిగ్గా రా.

ప్రశ్న: ఇక్కడ ఆఫీసుకి రోజూ కారులో నలభై నిమిషాలు వెళ్తాను. మీరు చెప్పిన ‘ఎంపైర్’ పాడ్‌కాస్టులో కోహినూర్ మీద ఎపిసోడ్ విన్నాను. ఆ వజ్రం ఎక్కడ దొరికిందో ఖచ్చితమైన ఆధారం లేదన్నట్టు మాట్లాడారు. మాది గుంటూరు వైపు, చిన్నప్పటి నుంచి కొల్లూరు వజ్రమనే విన్నాం. కాకతీయుల దగ్గర ఉండేదని స్కూల్లో చెప్పారు. నిజం చెప్పాలంటే చాలా బాధేసింది. మనదన్నదాన్ని కూడా మనకి లేకుండా చేస్తున్నారా వీళ్ళు? – డాలస్, అమెరికా

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పిన రోజుల్లో నేనూ కొల్లూరు, కాకతీయులు, మాలిక్ కాఫర్ అని ఒకే దారంలో గుచ్చి చెప్పినవాణ్ణే. అందుకని ఈ జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు గట్టిగా తెలిసింది. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా లోకానికి వజ్రాలంటే దాదాపుగా మన దేశమే. అందులో పేరుమోసినవి కృష్ణ ఒడ్డు గనులు. ఫ్రెంచి నగల వ్యాపారి తవెర్నియే 17వ శతాబ్దంలో కొల్లూరు వచ్చాడు. అక్కడ ఆడా మగా పిల్లలూ కలిపి అరవై వేలమంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. ఆ కొల్లూరు ఇవాళ పల్నాడు జిల్లాలో పులిచింతల నీళ్ళ కింద ఉంది. కాబట్టి కోహినూరు దక్షిణాది గనుల్లోంచే వచ్చి ఉంటుందనడానికి బలమైన కారణమే ఉంది, దాన్ని ఎవరూ కొట్టిపారెయ్యడం లేదు.

ఇక తెలియనిది. 1310లో ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫర్ ఓరుగల్లు నుంచి పట్టుకెళ్ళిన సొమ్ములో సాటిలేని మణి ఒకటుందని కవి అమీర్ ఖుస్రో రాశాడు, దానికి పేరు చెప్పలేదు. 1526లో ఆగ్రాలో గ్వాలియర్ రాజు కుటుంబం హుమాయూన్‌కి ఒక పెద్ద వజ్రం ఇచ్చిందని, దాని ఖరీదు లోకమంతటికీ రెండున్నర రోజుల తిండికి సరిపోతుందని బాబరు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అది అల్లావుద్దీన్ తెచ్చిందని అన్నాడు, ఆయన కూడా కోహినూరు అనలేదు. ఆ పేరుతో, ఇదీ ఆ రాయి అని వేలు పెట్టి చూపించేలా మొదట రాసింది పర్షియా చరిత్రకారుడు ముహమ్మద్ కాజిమ్ మర్వీ, అది కూడా 1740ల్లో, నాదిర్ షా ఢిల్లీని దోచుకుపోయిన తర్వాత. నెమలి సింహాసనం మీద ఒక నెమలి తలలో పొదిగి ఉందని రాశాడు. ఖుస్రో మణి, బాబరు వజ్రం, మర్వీ చూసిన రాయి, ఈ మూడూ ఒకటేనని కలపడానికి మధ్యలో కాగితం ముక్క లేదు.

ఇంకోటి చెప్తాను, ఇది పాడ్‌కాస్టులోది కాదు, తవెర్నియే రాతలోనే ఉంది. కొల్లూరు గని బయటపడి సుమారు నూరేళ్ళయిందని, ఎవరో పేదవాడు చిరుధాన్యం వెయ్యడానికి నేల తవ్వుతుంటే పాతిక క్యారట్ల రాయి దొరికిందని అక్కడివాళ్ళు చెప్పిన కథ రాశాడు. ఆ లెక్కన గని 16వ శతాబ్దం నాటిది. ఓరుగల్లు పడిపోయింది 1323లో. మరి కొల్లూరు రాయి కాకతీయుల ఖజానాకి ఎలా వచ్చింది? తవెర్నియేకి చెప్పినవాళ్ళు తప్పు చెప్పి ఉండొచ్చు, గని అంతకంటే పాతదై ఉండొచ్చు, లేదా కాకతీయుల మణి వేరే గనిదై ఉండొచ్చు. మనం చిన్నప్పుడు విన్న కథలో రెండు సగాలున్నాయి, అవి ఒకదానితో ఒకటి పొసగడం లేదు, ఇన్నేళ్ళూ ఎవరమూ పట్టించుకోలేదు.

మరి ఆ కథ అంత గట్టిగా ఎలా నిలబడింది అంటారా? 1849లో పంజాబ్ చేజిక్కాక గవర్నర్ జనరల్ డల్హౌసీ ఈ రాయి పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోమని ఢిల్లీలో ఉన్న థియో మెట్కాఫ్ అనే కుర్ర అధికారికి పని అప్పజెప్పాడు. అతను బజార్లో నగల వ్యాపారుల్ని, ముసలివాళ్ళని అడిగి వాళ్ళు చెప్పిన కథలన్నీ పోగుచేసి పంపాడు. దొరికింది కొంచెమే, అదీ అసంపూర్ణమే అని తనే రాశాడు కూడా. ఆ బజారు కబుర్లే తర్వాత పుస్తకాల్లోకి ఎక్కాయి. ఈ సంగతి తవ్వి తీసింది ఆ పాడ్‌కాస్ట్ నడిపే విలియం డాల్‌రింపుల్, అనితా ఆనంద్‌లే. 2022లో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టక ముందే ఇద్దరూ కలిసి కోహినూరు మీద పుస్తకం రాశారు.

మిమ్మల్ని ఇంకోసారి వినమంటాను, ఈసారి రెండో సగం కూడా అంతే శ్రద్ధగా. వజ్రం పుట్టుక దగ్గర ఆధారం లేదన్నవాళ్ళే, అది లండన్ ఎలా చేరిందో చెప్పేటప్పుడు ఒక్క మాట కూడా వదలరు, ఎందుకంటే అక్కడ ఆధారం కుప్పలుగా ఉంది. మార్చి 1849, లాహోర్ ఒప్పందం, రాయిని విక్టోరియా మహారాణికి అప్పగించాలని ఏకంగా ఒక షరతు. సంతకం చేసిన పంజాబ్ మహారాజు దులీప్ సింగ్‌కి పదేళ్ళు. తల్లి జింద్ కౌర్‌ని అంతకుముందే పిల్లాడి నుంచి విడదీసి ఖైదు చేశారు. 1852లో ఇప్పటి లెక్కలో 191 క్యారట్ల రాయిని లండన్‌లో సానపట్టి 105.6కి దించారు. ఆ పదేళ్ళ పిల్లాడి గురించి వింటున్నప్పుడు నేను ఫోన్ ఆపేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

మనదన్నదాన్ని లేకుండా చెయ్యడం కాదండీ అది. తెలిసింది ఎంతో అంతే చెప్పేవాడు, దోపిడీ గురించి చెప్పినప్పుడు కూడా తెలిసిందే చెబుతున్నాడన్న నమ్మకం మనకి కుదురుతుంది. బ్రిటన్ వాళ్ళతో రేపు ఎవరైనా వాదించాలన్నా కొల్లూరు కథ కోర్టులో నిలవదు, లాహోర్ ఒప్పందం నిలుస్తుంది.

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. సోషల్ అంటే ఏడుపు. పిల్లలకి పనికొచ్చేవి ఉన్నాయా? – విశాఖపట్నం

జవాబు: బీబీసీ ‘యూఆర్ డెడ్ టు మీ’ ప్రయత్నించండి. గ్రెగ్ జెన్నర్ అనే ఆయన 2019 నుంచి నడుపుతున్నాడు. ప్రతిసారీ ఆ విషయం మీద పనిచేసిన చరిత్రకారులొకరు, ఒక హాస్యనటుడు ఉంటారు. పిల్లకి వచ్చే సందేహాలే ఆ హాస్యనటుడికీ వస్తాయి, అదే దాని కిటుకు. కాకపోతే ముందు మీరొకసారి విని తర్వాత వినిపించండి, కొన్ని జోకులు పెద్దవాళ్ళకి మాత్రమే. అన్నం తినేటప్పుడు స్పీకర్లో పెట్టి అందరూ కలిసి వినండి, పాఠంలా కూర్చోబెట్టొద్దు.

ప్రశ్న: ఇప్పుడు మైకు ఉన్న ప్రతివాడూ చరిత్రకారుడే. మా ఫ్యామిలీ గ్రూపులో రోజుకో వీడియో, ‘మనకి చెప్పని చరిత్ర’ అంటూ. అసలు నిపుణుడెవరో, కబుర్లు చెప్పేదెవరో మామూలు మనిషి ఎలా కనిపెట్టాలి? – హనుమకొండ

జవాబు: డిగ్రీలు చూడమని చెప్పి ఊరుకోవచ్చు గానీ అది సగం జవాబే. పాడ్‌కాస్టులు నడిపేవాళ్ళలో తేడాలున్నాయి. కొందరు ఆ రంగంలోనే పుస్తకాలు రాసినవాళ్ళు: ‘ది రెస్ట్ ఈజ్ హిస్టరీ’ నడిపే టామ్ హాలండ్, డొమినిక్ శాండ్‌బ్రూక్ అలాంటివాళ్ళు, ఒకాయన పాతకాలం రోము, గ్రీసు మీద, ఇంకొకాయన ఈ మధ్య కాలపు బ్రిటన్ మీద. మన దక్కన్ రాజవంశాల మీద పుస్తకం రాసిన అనిరుద్ధ్ కనిశెట్టి ‘ఎకోస్ ఆఫ్ ఇండియా’ చేశారు. కొందరు తాము చరిత్రకారులం కాదని వాళ్ళే చెప్పుకుంటారు, ‘హార్డ్‌కోర్ హిస్టరీ’ డాన్ కార్లిన్ ఆ మాట పదే పదే అంటాడు, ఆ నిజాయితీకి నేను దణ్ణం పెడతాను. మైక్ డంకన్ ప్రొఫెసర్ కాదు, కానీ 2007 నుంచి 2012 దాకా రోము చరిత్ర మొత్తం వరసగా ఒక్కడే చదివి చెప్పాడు, చరిత్ర పాడ్‌కాస్టులకి దారి వేసినవాళ్ళలో ఒకడు.

ఇంకో రకం, అడిగేవాడు నిపుణుడు కాదు, జవాబిచ్చేవాళ్ళు నిపుణులు. బీబీసీ ‘ఇన్ అవర్ టైమ్’ అలాంటిది. 1998లో మొదలైంది, 2025 దాకా మెల్విన్ బ్రాగ్ నడిపాడు, వెయ్యికి పైగా ఎపిసోడ్లు. ప్రతిసారీ ఒకే విషయం, ముగ్గురు విశ్వవిద్యాలయం వాళ్ళు. ప్రొఫెసర్ గారు డొంకతిరుగుడుగా పోతే బ్రాగ్ మొహమాటం లేకుండా ఆపి ‘అంటే ఏమిటి?’ అని అడిగేవాడు. అశోకుడి మీద ఒక ఎపిసోడ్ ఉంది, దాంతో మొదలుపెట్టండి. ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది చివర్లో ఉంటుంది. కార్యక్రమం అయిపోయాక మైకులు ఇంకా తెరిచే ఉంటాయి, ‘చెప్పకుండా మిగిలిపోయింది ఏమైనా ఉందా’ అని అడుగుతారు, అప్పుడు ముగ్గురూ కాస్త తేలికపడి, నీతో నేను ఒప్పుకోను అని ఒకరితో ఒకరు అనుకుంటారు, ఈలోగా నిర్మాత వచ్చి టీయా కాఫీయా అని అడుగుతాడు. ఆ నాలుగు నిమిషాల్లో చరిత్ర ఎలా తయారవుతుందో వినపడుతుంది. వ్యాసంలో, పుస్తకంలో ఆ గొడవంతా చదును చేసేసి ఇస్తారు కదా, ఇక్కడ పచ్చిగా ఉంటుంది.

కనిపెట్టడానికి నేను వాడే కొలబద్ద ఒకటుంది. మాట్లాడే మనిషి ‘అది మనకెలా తెలిసింది?’ అన్న ప్రశ్న దగ్గర ఆగుతాడా, దాటేస్తాడా? మీ వరంగల్ ఉదాహరణే తీసుకోండి. మార్కో పోలో కాకతీయుల మోటుపల్లి రేవు గురించి రాస్తూ, ఆ దేశాన్ని ఒక రాణి ఏలుతోందని, భర్త చనిపోయాక నలభై ఏళ్ళుగా రాజ్యాన్ని చక్కగా చూసుకుంటోందని, అక్కడ వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడు లాంటి సన్నని బట్టలు నేస్తారని రాశాడు. కబుర్లు చెప్పేవాడు దీన్ని చదివి ‘చూశారా, విదేశీయుడు సైతం రుద్రమదేవిని పొగిడాడు’ అని చప్పట్లు కొట్టించుకుని వెళ్ళిపోతాడు. చరిత్రకారుడు అక్కడే ఆగుతాడు. రుద్రమ గణపతిదేవుడి కూతురని శాసనాలు చెబుతున్నాయి, మరి ఈయన రాజుగారి భార్య అంటున్నాడేమిటి? స్వయంగా చూశాడా, రేవులో వ్యాపారులు చెప్పింది రాశాడా? భార్య విషయంలో పొరబడినవాడి నలభై ఏళ్ళ లెక్కని ఎంత నమ్మొచ్చు? బట్టల గురించి, వజ్రాల గురించి వ్యాపారికి బాగా తెలుస్తుంది కాబట్టి అక్కడ ఎక్కువ నమ్మొచ్చా? ఈ ప్రశ్నలు పైకి వినపడేలా అడిగేవాడు మీకు నిపుణుడు. ఫ్యామిలీ గ్రూపులో వచ్చే వీడియోలో ఇవి వినపడవు. ‘దాచేశారు’ అన్న మాట వినపడుతుంది, ఎవరు, ఎక్కడ, ఏ కాగితాన్ని దాచారో వినపడదు.

గ్రూపులో పెద్దవాళ్ళతో గొడవ పడకండి. ‘బాబాయ్, ఇది ఏ శాసనంలో ఉందో చెప్పారా?’ అని మెల్లగా అడగండి. నేను అలాగే అడుగుతున్నాను. కొంతమంది వెతకడం మొదలుపెట్టారు కూడా.

ప్రశ్న: నేను నల్లగొండ జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. మీరు చెప్పేవన్నీ ఇంగ్లీషువే. మా తొమ్మిదో తరగతి పిల్లలతో మేమే తెలుగులో ఒకటి చెయ్యాలనుకుంటున్నాం. మైకులు, స్టూడియో ఏమీ లేవు, నా ఫోన్ ఉంది. ఎలా మొదలుపెట్టాలి, దేని మీద చెయ్యాలి? – నకిరేకల్ దగ్గర నుంచి

జవాబు: ఈ ఉత్తరం కోసమే ఈసారి శీర్షిక మొత్తం పాడ్‌కాస్టులకి ఇచ్చాను టీచర్ గారూ. దేని మీద చెయ్యాలి అని నన్నడుగుతున్నారు, మీ పక్కనే చందుపట్ల ఉంది కదండీ!

పిల్లలకి తెలిసి ఉండకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. రుద్రమదేవి 1295, 96 దాకా ఏలిందని పాత పుస్తకాల్లో ఉండేది. చందుపట్లలో దొరికిన శాసనం శక సంవత్సరం 1211 నాటిది, అంటే 1289 నవంబరు. పువ్వుల ముమ్మడి అనే అతను రుద్రమదేవికీ, సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యంగా దేవుడికి భూమి ఇచ్చాడు, వాళ్ళిద్దరూ శివలోకానికి వెళ్ళారని అందులో ఉంది. పల్లెటూరిలో ఒక మామూలు మనిషి వేయించిన రాయి, మహారాణి చరిత్రలో ఆరేడేళ్ళు సరిదిద్దింది. పరబ్రహ్మశాస్త్రి గారి లాంటి శాసన పరిశోధకులు జీవితమంతా చేసింది ఈ పనే.

ఇక్కడ పిల్లలకి అసలైన పని ఉంది. ఆమె యుద్ధంలో చనిపోయిందని, కాకతీయుల మీద తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడు చంపాడని అందరం చెప్పుకుంటాం. శాసనం ఎలా చనిపోయిందో చెప్పదు. రాణీ, సేనానీ ఒకేసారి పోవడం, మరుసటి ఏడాది త్రిపురాంతకం శాసనంలో అంబదేవుడు మల్లికార్జునుడి మీద గెలుపు గురించి చెప్పుకోవడం, ఈ రెండూ కలిపి చరిత్రకారులు చేసిన ఊహ అది. మంచి ఊహే, నేనూ ఒప్పుకుంటాను, కానీ ఊహ. ఒక ఎపిసోడ్‌లో ఒక పిల్ల రాయి మీద ఉన్నది మాత్రమే చెప్పాలి, ఇంకో పిల్లాడు దాన్నుంచి మనం ఊహించింది చెప్పాలి, మూడో పిల్ల ఊళ్ళో అవ్వ చెప్పే కథ చెప్పాలి. మూడు గొంతులు వేరుగా ఉంటే వినేవాడికి ఏది ఏమిటో చెవికే తెలిసిపోతుంది. పెద్ద పెద్ద పాడ్‌కాస్టులు కూడా ఈ పని ఇంత శుభ్రంగా చెయ్యడం నేను వినలేదు.

రికార్డింగ్‌కి స్టూడియో అక్కర్లేదు. ఫ్యాన్ ఆపండి, ముందు అదొక్కటి చెయ్యండి. ఖాళీ తరగతి గదిలో గొంతు గణగణమని మోగుతుంది, అందుకని దుప్పట్లు వేలాడదీసిన చిన్న గది గానీ, బట్టల బీరువా ఉన్న గది గానీ చూసుకోండి. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి పెట్టండి, ఎదురుగా పెడితే ప, ఫ, భ అన్నప్పుడల్లా గాలి కొడుతుంది. పది నిమిషాలు మించొద్దు. కాగితం చూసి చదివించొద్దు, నాలుగు పాయింట్లు రాసిచ్చి పక్కింటి అమ్మాయికి చెప్పినట్టు చెప్పమనండి. రాయి దగ్గర ఒక నిమిషం ఊరికే రికార్డు చేసుకురండి, గాలి, పిట్టలు, దారిన పోయే ట్రాక్టరు. దాన్ని మొదట్లో పెడితే వినేవాడు ఊళ్ళోకి వచ్చేస్తాడు.

శాసనం ఎలా చదువుతారో ఒక ఎపిసోడ్ చెయ్యండి, పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. రాయిని నీళ్ళతో, మెత్తటి బ్రష్షుతో కడుగుతారు. తడిపిన కాగితం దాని మీద పరిచి బిరుసు బ్రష్షుతో టపటపా కొడుతూ పోతే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. కాస్త తడి ఆరాక నల్ల సిరా మెత్తతో పైపైన అద్దుతారు. గుంటలకి సిరా అంటదు, అక్షరాలు తెల్లగా, మిగతాదంతా నల్లగా లేస్తుంది. ఎండలో రాయి మీద ఒక్క అక్షరం కూడా కనపడనిది కాగితం మీద వరసలు వరసలుగా కనపడుతుంటే నాకు మొదటిసారి ఒళ్ళు జలదరించింది. అయితే ఇది పిల్లలు సొంతంగా చెయ్యకూడదు, పురావస్తు శాఖ వాళ్ళ అనుమతి, తెలిసిన మనిషి ఉండాలి. సుద్ద రాయడం, నూనె పుయ్యడం, రంగు వెయ్యడం అసలే వద్దు. భక్తితో వేసిన రంగు కింద మాయమైన అక్షరాలు ఎన్ని చూశానో.

చందుపట్ల అయ్యాక ఏమిటంటే, జిల్లాల వారీగా అచ్చయిన శాసన సంపుటాలున్నాయి. దక్షిణ భారత శాసనాల పదో సంపుటం మొత్తం తెలుగు శాసనాలే, 1948లో వచ్చింది. కోస్తా, రాయలసీమ టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి కైఫీయత్తులు, అంటే ఊళ్ళ చరిత్రలు ఉన్నాయి, రెండు వందల ఏళ్ళ కిందట ఈస్టిండియా కంపెనీ అధికారి కల్నల్ మెకంజీ కోసం ఊరూరా తిరిగి రాయించినవి. ఆ తిరిగినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది మన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఊరి పెద్దల్ని, కరణాల్ని కూర్చోబెట్టి అడిగి రాసుకున్నారు. మీ పిల్లలు ఫోన్ పట్టుకుని అవ్వని అడగబోయేది కూడా అదే పని.

మొదటి ఎపిసోడ్ తయారయ్యాక ఎక్కడా అప్‌లోడ్ చెయ్యకముందు చందుపట్ల తీసుకెళ్ళి ఊరివాళ్ళకి వినిపించండి. ‘అట్ల కాదు బిడ్డా, మా తాత ఇట్ల చెప్పేటోడు’ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అప్పుడు ఫోన్ మళ్ళీ ఆన్ చెయ్యండి.